తొలి రాబడి ప్రీమియం ఎవరికి మిగిలింది?

చైనా తేయాకును లండన్‌కు చేరవేసిన క్లిప్పర్ నౌకల ప్రస్తావన వస్తే అందరూ వాటి వేగాన్నే పొగుడుతారు. సరుకు తెప్పించుకున్న దిగుమతిదారుల లెక్కలు మాత్రం అంత ఘనంగా లేవు.

1866 సీజనునే తీసుకోవచ్చు. కొత్త పంట తేయాకుతో ఏరియల్, టేపింగ్, సెరికా, ఫయరీ క్రాస్ నౌకలు మే నెలాఖరున ఫూచౌ రేవు నుంచి ఇంచుమించు ఒకేసారి కదిలాయి. ముందుగా లండన్ చేరిన నౌకకు టన్నుకు 10 షిల్లింగుల ప్రీమియం ఇచ్చేటట్లు షరతు ఉంది. తొలి సరుకుకు మంచి ధర పలుకుతుందన్న ఆశే దీనికి మూలం.

ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి 14 వేల మైళ్లకు పైగా నడిచి, సెప్టెంబరు 6 రాత్రి టేపింగ్ డాక్‌లోకి వచ్చింది. 28 నిమిషాలకు ఏరియల్, అదే పోటులో సెరికా చేరాయి. తగవు ముదిరితే అసలుకే మోసం వస్తుందని మొదటి రెండు నౌకల యజమానులు ప్రీమియాన్ని చెరిసగం పంచుకున్నారు. వారి పని బాగానే ఉంది. కాని ఒక్క రాత్రిలో 30 లక్షల పౌన్లకు పైబడిన తేయాకు దిగింది. మరి రెండు రోజులకే ఫయరీ క్రాస్ కూడా వచ్చింది. రాబడులు ఒక్కుమ్మడిగా పడడంతో ధర దిగజారింది. నలుగురూ కలిసి తెచ్చినదానిని తొలి రాబడి అనడం ఎట్లా? షరతు నౌకను పరుగెత్తించింది గాని, ధరను నిలబెట్టే ఏర్పాటు అందులో లేదు. అటుతర్వాత ఆ ప్రీమియం షరతుకు స్వస్తి చెప్పారు.

పందెం సందడిలో మరో వార్త మరుగున పడింది. ఎర్ల్ కింగ్ అనే ఆవిరి నౌక ఫూచౌ నుంచి క్లిప్పర్ల తర్వాత బయలుదేరి, వాటికంటె సుమారు 15 రోజులు ముందే లండన్ చేరింది. అప్పటికి ఆవిరి నౌకలలో బొగ్గే చాలా చోటు తినేది కనుక, ఓడల యజమానులు దానిని లెక్కచేయకపోవడం పూర్తిగా తెలివితక్కువ కాదు. అయితే బొగ్గు తక్కువ కాల్చే ఇంజనులు అప్పుడే రంగంలోకి దిగుతున్నాయి. 1869 నవంబరు 17న సూయజ్ కాలువ తెరిచారు. ఎర్రసముద్రపు గాలులు అనుకూలించని తెరచాప ఓడలకు ఆ దారి గిట్టుబాటు కాలేదు. సరిగ్గా ఐదు రోజులకు, నవంబరు 22న, కట్టీ సార్క్ క్లిప్పర్ జలప్రవేశం చేసింది.

ఆ నౌకకు తేయాకు సరుకు దొరికింది ఎనిమిది పర్యాయాలే. 1883 నుంచి ఆస్ట్రేలియా ఉన్ని బేళ్లు మోసి పేరు తెచ్చుకుంది. బొగ్గు దొరకని ఆ దూరపు దారిలో తెరచాపకు ఇంకా గిరాకీ ఉండేది.