రేంజ్‌ఫైండర్‌లో ఫోటో మసకగా వస్తే ముందు లెన్స్‌ని తిట్టకండి

మా తాతయ్య సహస్ర చంద్ర దర్శనం రోజు ఒక రోల్ మొత్తం తీశాను. సెకండ్ హ్యాండ్ ఎం-మౌంట్ ఫిల్మ్ బాడీ, 50ఎంఎం ఎఫ్/1.4 లెన్స్. ప్యాచ్‌లో ఆయన కళ్లు చక్కగా కలిసేదాకా ఆగి మరీ క్లిక్ చేశా. స్కాన్‌లు వచ్చాక చూస్తే దగ్గర్నుంచి తీసిన ప్రతి పోర్ట్రెయిట్‌లోనూ ముక్కు కొన షార్ప్, కళ్లు మసక. కోపంతో లెన్స్‌ని నష్టానికి అమ్మేశా. ఏడు నెలల తర్వాత తెలిసింది, తప్పు లెన్స్‌ది కాదు, బాడీది. లెన్స్ మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ రోజు మాత్రం మళ్లీ రాదు కదా.

అందుకే రేంజ్‌ఫైండర్ మీద మోజుపడుతున్న వాళ్లకి నా మాట: మొదటి లెన్స్‌గా ఎఫ్/1.4 వద్దు. 35ఎంఎం ఎఫ్/2 చాలు.

ఫోన్‌లో, మిర్రర్‌లెస్‌లో మనం చూసేది లెన్స్ చూసేదే. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. వ్యూఫైండర్ వేరే కిటికీ. లెన్స్ మూత తీయడం మర్చిపోయినా అందులో అంతా క్లియర్‌గానే కనిపిస్తుంది! లెన్స్ వెనకున్న క్యామ్, బాడీలోని చిన్న రోలర్‌ని నెడుతుంది, దాన్ని బట్టి ప్యాచ్‌లోని రెండో బొమ్మ జరుగుతుంది. ఈ మెకానికల్ గొలుసులో ఎక్కడ కొంచెం తేడా వచ్చినా ప్యాచ్ మీకు అబద్ధం చెప్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 1 మీటర్ దూరంలో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ సుమారుగా:

- 35ఎంఎం ఎఫ్/2: 9–10 సెం.మీ.
- 50ఎంఎం ఎఫ్/1.4: 3 సెం.మీ. పైచిలుకు
- 90ఎంఎం ఎఫ్/2: 1.5 సెం.మీ.

ముక్కు కొన నుంచి కంటికి ఉన్న దూరంలోనే 50ఎంఎం ఆట ముగిసిపోతుంది. చిన్న తేడా ఉన్నా 35 కాపాడుతుంది, 90 క్షమించదు.

బాడీని కూడా చూసుకోవాలి. రెండు కిటికీల మధ్య దూరాన్ని వ్యూఫైండర్ మ్యాగ్నిఫికేషన్‌తో గుణిస్తే ఎఫెక్టివ్ బేస్ లెంగ్త్ వస్తుంది. లైకా ఎం6 (0.72 ఫైండర్)లో ఇది దాదాపు 49.9 ఎంఎం. ఫోక్ట్‌లాండర్ బెస్సా ఆర్2ఏలో 25.9 మాత్రమే. అంటే ఫోకస్ ఖచ్చితత్వం దాదాపు సగం. అలాంటి బాడీ మీద 90ఎంఎం ఎఫ్/2 పెట్టడం లాటరీ టికెట్ కొనడమే.

సరే, మసక వచ్చింది. డీబగ్ చేద్దాం. ఆఫీసులో బగ్ వస్తే ఏం చేస్తాం? ఒక్కో కాంపొనెంట్‌ని విడదీసి చూస్తాం. ఇక్కడా అంతే.

1. దూరంగా ఉన్న సెల్ టవర్‌ని చూస్తూ లెన్స్‌ని ఇన్ఫినిటీకి తిప్పండి. రెండు బొమ్మలు సరిగ్గా కలవాలి. ఇన్ఫినిటీకి ముందే కలిసి, అక్కడికి వెళ్లేసరికి దాటిపోతే ఫోకస్ ముందుకు పడుతోందని అర్థం. బొమ్మలు పైకీ కిందకీ తేడాగా ఉంటే చిరాకే గానీ, ఫోకస్‌కి పెద్ద నష్టం లేదు.

2. ఫ్రెండ్ దగ్గర ఇంకో లెన్స్ అడిగి అదే టెస్ట్ చేయండి. రెండిట్లోనూ ఒకే తప్పు వస్తే అనుమానం బాడీ మీద. ఒక్కదాంట్లోనే వస్తే లెన్స్ మీద. నేను చేయనిది ఈ ఒక్క పనే.

3. ట్రైపాడ్ మీద, 1 మీటర్ దూరంలో, వాలుగా పెట్టిన స్కేల్‌ని ఫుల్ ఓపెన్‌లో తీయండి. తర్వాత ఎఫ్/2.8, ఎఫ్/4లో కూడా. ఫుల్ ఓపెన్‌లో బాగుండి, అపర్చర్ తగ్గించగానే షార్ప్ భాగం వెనక్కి జరిగితే అది ఫోకస్ షిఫ్ట్. జైస్ సి సోనార్ 50ఎంఎం ఎఫ్/1.5కి ఈ గుణం ఉందని అందరికీ తెలిసిందే. అది రిపేర్‌తో పోయే జబ్బు కాదు, డిజైన్ స్వభావం.

4. చివరగా మీ కన్ను. కళ్లజోడు తీసేసి ఫైండర్‌లో చూస్తే ప్యాచే మసకగా ఉంటుంది.

చవకగా దొరుకుతుందని సోవియట్ జూపిటర్-8 కొనేవాళ్లకి ఇంకో మాట. కియెవ్ కెమెరాల కోసం చేసినవి కాంటాక్స్ లెక్కలో ఉంటాయి, స్క్రూ మౌంట్‌వి అయినా లైకా లెక్కకి అచ్చంగా సరిపోవు. ఇన్ఫినిటీ దగ్గర బాగానే ఉండి, దగ్గరికి వచ్చేసరికి తప్పుతాయి. కొనేముందు 1 మీటర్‌లో టెస్ట్ ఫోటో అడగండి.

"ఇంత గొడవ ఎందుకు, మిర్రర్‌లెస్ కొనుక్కోవచ్చుగా?" అంటారా? నిజమే, పెళ్లి షూట్‌కి నేనూ అదే తీసుకెళ్తా. కానీ ఫ్రేమ్ బయట ఏం జరుగుతోందో చూస్తూ ఫోటో తీసే సుఖం రేంజ్‌ఫైండర్‌లోనే ఉంది.

యూట్యూబ్ చూసి స్క్రూలు మాత్రం తిప్పకండి. ఇన్ఫినిటీ సరిచేయబోయి దగ్గరి ఫోకస్ పోగొట్టుకుంటారు. తెలిసిన టెక్నీషియన్‌కి ఇవ్వండి, టెస్ట్ ఫోటోలతో సహా.

నా బాడీ ఇప్పుడు బాగైంది. 35ఎంఎం ఎఫ్/2తో తాతయ్యని మళ్లీ తీశాను, వసారాలో పేపర్ చదువుతుండగా. కళ్లు షార్ప్‌గానే వచ్చాయి. ఏదైనా ముఖ్యమైన రోజుకి ముందు మీరు కూడా ఒక టెస్ట్ రోల్ కాల్చేయండి. ఫిల్మ్ ఖర్చుకి ఏడవకండి.