వేలంపాటయందు సత్యనిష్ఠ

సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి మల్లికార్జునస్వామి సన్నిధిని సంక్రాంతి పిమ్మట ఆరంభమగు జాతర ఉగాది వరకు సాగును. భక్తులు బోనములు సమర్పించి, పట్నములు వేయించి మల్లన్నను సేవింతురు. ఇట్టి క్షేత్రములలో భక్తుడు కొట్టు కొబ్బరికాయ వెనుక, సమర్పించు తలనీలముల వెనుక, ఎవరును అంతగా తలపని వ్యవహారమొకటి కలదు. అదియే వేలంపాట. కొబ్బరికాయల విక్రయపు హక్కును, దుకాణములను, తలనీలములను వేలము ద్వారా ఇచ్చుట మన దేవాలయములలో పరిపాటి. ఆ సొమ్ము దేవద్రవ్యము.

పూర్వము పాటదారులు పదిమంది యెదుట నిలిచి పాడెడివారు. నేడు తిరుమల శ్రీవారి తలనీలములు మొదలుకొని అనేక వేలములు ఆన్‌లైన్‌లో జరుగుచున్నవి. దూరప్రాంత వర్తకుడును పాల్గొనగలుగుట, బెదిరింపులకు తావు తగ్గుట గొప్ప మేలు. అయినను యంత్రము సంఖ్యను చూచునే గాని సంకల్పమును చూడజాలదు.

పాటదారుల యుక్తులన్నియు ఒకే కోవకు చెందవు. చివరి క్షణము వరకు వేచి పాట పెంచుట చాతుర్యమే గాని అసత్యము కాదు. ముగింపు నిమిషములలో పాట పడినచో గడువు దానంతట అదే పొడిగింపబడు నియమము దానికి చాలును. విక్రేతయే తన మనుష్యునిచే పాడించి ధర పెంచుట మాత్రము మాయ. కొను ఉద్దేశము లేకయే పెద్దపాటతో ఇతరులను తొలగించి, పిదప తాను వెనుదిరిగి, తోడివానికి స్వల్పధరకు దక్కునట్లు చేయుట వంచన. ‘ఈ యేడు నీకు, వచ్చే యేడు నాకు’ అని ముందే పంచుకొని నామమాత్రముగా పోటీపడుట చౌర్యము. దీనినే లోకము ‘సిండికేటు’ అనును.

వర్తకులు కూడబలుక్కొని అనుచితమైన ధరకు కొనినను, అమ్మినను వేయి పణముల దండమును కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. విక్రేత కపటపు పాటతో ధర పెంచినచో ఆ విక్రయమును రద్దుచేసికొను హక్కును 1930 నాటి వస్తువిక్రయ చట్టము కొనుగోలుదారునకు ఇచ్చినది. 2002 నాటి పోటీ చట్టము కుమ్మక్కు పాటలను నిషేధించుచున్నది.

“ఆలయమునకే కదా లాభము, ధరను కృత్రిమముగా పెంచిన దోషమేమి?” అని కొందరందురు. బాలాపూర్ గణేశుని లడ్డూ 1994లో 450 రూపాయలు పలికి, 2025లో 35 లక్షలకు చేరినది. అచ్చట పాడినవాడు అందరి యెదుట, తెలిసి, భక్తితో ఇచ్చినాడు. కపటముతో పెంచిన ధర అట్టిది కాదు. ఆ భారము తుదకు కాయ కొను పేదభక్తునిపై పడును. కుమ్మక్కుతో తగ్గించిన ధర స్వామి అన్నప్రసాదమునుండి అపహరించినదే. రెండును అస్తేయమునకు భంగములే.

కావున దేవస్థానములు పాటదారుల వివరములను ముందుగా సరిచూడవలెను. వెనుదిరిగినవాని ధరావత్తును జప్తు చేయవలెను. ఆలయోద్యోగుల బంధువులను పాటకు దూరముంచవలెను. వేలము ముగిసిన పిదప ప్రతి పాటను, దాని సమయమును, తుది ధరను, గత సంవత్సరపు ధరను భక్తులకు ప్రకటింపవలెను. ఇది భక్తులు అడుగదగిన విషయము, అడుగవలసిన విషయము.

వర్తకుడును స్వామికి పట్నము వేయించిన చేతితోనే తెరపై సంఖ్యను నొక్కును. ఆ రెండు కర్మలకును సాక్షి మల్లన్నయే. ఈ ఎరుకతో పాడిన పాట వ్యాపారమైనను సేవయే యగును.

శుభం భూయాత్.