గ్నాట్ తుపాకీ జామ్ అవుతుంది, ఏం చేద్దాం?

బల్ల మీద ఆడే విమాన యుద్ధంలో కూడా ఇండియా ఓడిపోకూడదట. ఈ మధ్య నా చెవిన పడ్డ కోరికల్లో ఇంతకన్నా చిన్నపిల్లల కోరిక ఇంకోటి లేదు. అడిగింది మాత్రం చిన్నపిల్లలు కాదండోయ్, పదిహేనేళ్ళ అనుభవం ఉన్న ఆర్కిటెక్టులూ, డెలివరీ మేనేజర్లూను.

తెలియనివాళ్ళ కోసం కాస్త వివరం. "వింగ్స్ ఆఫ్ వార్" అని 2004లో ఇటలీ నుంచి ఒక ఆట వచ్చింది. ఆండ్రియా ఆంజియోలీనో, పియర్ జోర్జో పాల్యా అనే ఇద్దరు తయారుచేశారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలు. ప్రతి విమానానికీ దాని చేతనైన కదలికల కార్డులు ఒక కట్ట ఉంటాయి. ఎదుటివాడికి కనపడకుండా మూడు కార్డులు వరసగా బోర్లించి పెట్టాలి. తర్వాత అందరూ ఒక్కో కార్డూ ఒకేసారి తిప్పాలి. అంటే వాడు ఎక్కడికొస్తాడో ఊహించి మూడడుగులు ముందే కమిట్ అయిపోవాలి, రోల్‌బ్యాక్ లేదు. స్కేలుతో కొలిచి దూరం సరిపోతే కాల్చినట్టు. తగిలిన దెబ్బ ఎంతో దెబ్బ తిన్నవాడు కార్డు తీసి చూసుకుంటాడు, కొట్టినవాడికి చూపించడు. ఆ దెబ్బల కట్టలోనే కాల్చినవాడి తుపాకీ జామ్ అయ్యే కార్డులూ ఉంటాయి.

దీన్ని మేం ముగ్గురం 1965 యుద్ధానికి మార్చుకుని ఆడుతున్నాం. నా ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు హిందూపురంలో. ఒకడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో. మూడోది ధర్మవరంలో మా బావ, పట్టుచీరల డిజైన్లు గ్రాఫ్ కాగితం మీద గీస్తాడు. మా మ్యాపులన్నీ ఆయన చేతివే (అంచుల్లో మామిడి పిందెలు కూడా ఉంటాయి, అలవాటు లెండి). మూడూళ్ళూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి కాబట్టి శనివారం కలవడం కష్టం కాదు. మేం రాసుకున్న రూల్స్ ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి పంపాను. గొడవ అక్కడ మొదలైంది.

గ్నాట్ చాలా చిన్న విమానం, లైసెన్సు మీద బెంగళూరు హెచ్‌ఏఎల్‌లోనే తయారుచేసేవాళ్ళు. దాని రెండు 30 మిల్లీమీటర్ల తుపాకులూ 1965లో సరిగ్గా అవసరమైనప్పుడు మొరాయించేవి. ఇదేమీ రహస్యం కాదు. అందుకని దాని కట్టలో మూడు జామ్ కార్డులు ఎక్కువ పెట్టాం. "ఏమప్పా, మన విమానానికే ఎక్కువ పెట్టినావు, నువ్వు మనోడివేనా?" అన్నాడొకాయన. జరిగింది అదే కదా అంటే, "అయితే సేబర్‌కి కూడా పెట్టు, సమానంగా ఉంటుంది" అన్నాడు. దీన్ని మన వృత్తిలో ఏమంటారో మీకు తెలుసు. టెస్ట్ ఫెయిల్ అయితే కోడ్ వదిలేసి టెస్ట్ కేసు మార్చెయ్యడం. శుక్రవారం రిపోర్టంతా పచ్చగా ఉంటుంది, సోమవారం ప్రొడక్షన్ పడిపోతుంది.

సెప్టెంబర్ 3, 1965 తీసుకోండి. మిస్టేర్ విమానాలు పైన ఎరలా ఎగిరాయి, గ్నాట్‌లు రాడార్‌కి దొరక్కుండా కింద నుంచి వచ్చాయి. ట్రెవర్ కీలర్ ఒక సేబర్‌ని కూల్చానని రిపోర్టు ఇచ్చాడు, వీరచక్ర వచ్చింది. ఆ సేబర్ దెబ్బలు తిని కూడా ఇంటికి చేరిందని పాకిస్తాన్ అంటుంది. అదే రోజు మన గ్నాట్ ఒకటి వాళ్ళ పస్రూర్‌లో దిగింది, పైలట్ పట్టుబడ్డాడు, ఆ విమానం కరాచీ మ్యూజియంలో పెట్టారు. ఎవరు అబద్ధం చెప్తున్నారని టీవీవాడు అరుస్తాడు. బల్ల ముందు కూర్చున్నవాడు అరవడు. ఎందుకంటే దెబ్బ తిన్నవాడి చేతిలో కార్డులు కొట్టినవాడికి కనపడవని వాడికి ప్రతి శనివారం అనుభవమే. పొగ వచ్చింది, ముక్కు కిందికి దిగింది, పడిపోయిందనుకున్నాం. రెండు కదలికల తర్వాత చూస్తే అది మ్యాపు అంచు దాటి వెళ్ళిపోతోంది. మనస్ఫూర్తిగా చెప్పిన మాట కూడా లెక్కలో తప్పవ్వచ్చు.

ఇక సెప్టెంబర్ 7, సర్గోధా. నా వాదనంతా దీనిమీదే. స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య, కొడగు మనిషి. మిస్టేర్‌ల దాడికి స్టాండ్‌బైగా ఉండి, జతలో కలిసి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఏమైందో మనకి తెలీదు. 1979లో జాన్ ఫ్రికర్ పాకిస్తాన్ వైమానిక దళం సాయంతో రాసిన పుస్తకంలో బయటపడింది. ఒక మిస్టేర్ స్టార్‌ఫైటర్‌తో తలపడిందనీ, రెండూ కూలాయనీ. స్టార్‌ఫైటర్ పైలట్ అమ్జాద్ హుస్సేన్ దూకి బతికాడు. 1988లో, అంటే ఇరవైమూడేళ్ళకి, దేవయ్యకి మహావీరచక్ర ఇచ్చారు. 2025లో వచ్చిన "స్కై ఫోర్స్" సినిమాకి ఆధారం ఇదే. మనవాళ్ళ కథలే చదువుతాం, అవతలివాడి లెక్క ముట్టం అనుంటే ఈ మనిషి ఈరోజుకీ "ఆచూకీ లేదు" అనే జాబితాలోనే ఉండేవాడు.

ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో వెళ్ళే స్టార్‌ఫైటర్ ముందు మిస్టేర్ ఏపాటి? స్పెసిఫికేషన్ షీటు చూస్తే పోటీయే లేదు. మా స్టార్‌ఫైటర్ కట్టలో పొడుగు కార్డులున్నాయి, ఇరుకు మలుపు ఒక్కటీ లేదు. వేగం వదులుకోకుండా పారిపోతే ఎవరూ పట్టుకోలేరు. ఆశపడి నెమ్మదించి మలుపుల్లోకి దిగారో, చిక్కిపోతారు. దాన్ని బలహీనంగా రాసుంటే మిస్టేర్ చేసింది ఎంత కష్టమో తెలిసేదే కాదు.

ఓడినవాడి కథ చెప్పుకోవడం మన సీమకి కొత్తా? హిందూపురానికి 15 కిలోమీటర్లలో లేపాక్షి. ఆకాశంలో రావణుడితో కొట్లాడి పడిపోయిన జటాయువు కథ మీదే ఆ ఊరి పేరు చెప్పుకుంటారు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళున్నారు. ప్రేక్షకులు బాధపడతారని బొమ్మలాటలో జటాయువుని గెలిపిస్తారా? సీతను ఎటు తీసుకెళ్ళారో రాముడికి తెలిసిందే ఆ ఓడిన పక్షి ఇచ్చిన రిపోర్టు వల్ల.

చచ్చిపోయినవాళ్ళతో ఆటలేంట్రా అని మా అత్త అడిగింది. ఆ ప్రశ్నకి విలువుంది. అందుకే మా కార్డుల మీద పైలట్ల పేర్లు రాయం, విమానం నంబరు మాత్రమే. ఇంకో స్నేహితుడు 2025 మే నెల పోరాటం ఆడదాం అన్నాడు, రఫేల్, జే-10 కట్టలు కూడా సిద్ధం చేశాడు. వద్దన్నాను. రెండు దేశాలు చెప్పిన లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు, ఆ కట్టల్లో ఏ కార్డులు పెట్టాలో దేన్నిబట్టి రాస్తాం? వాట్సాప్ ఫార్వర్డులని బట్టా?

రెండో శనివారం సర్గోధా ఆడుతున్నాం. మా బావ మిస్టేర్ తప్ప ముట్టనంటున్నాడు, స్టార్‌ఫైటర్ ఎవరిదో తేలలేదు. రూల్స్ కావాల్సినవాళ్ళు అడగండి, పంపుతాను. గ్నాట్‌కి జామ్ కార్డులు తీసేసిన వెర్షన్ మాత్రం నా దగ్గర లేదు.