పీపీ జీతం ఎవరికి పట్టింది?

ముమ్మిడివరం మేజిస్ట్రేటు కోర్టులో దొంగతనం కేసు నడిపే ఏపీపీ పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగి. జీతం, డీఏ, పీఆర్సీ అన్నీ ఉంటాయి. అదే ఊరి హత్య కేసు సెషన్స్ కోర్టుకు పోతే, చాలాచోట్ల వాదించే పీపీకి గౌరవ వేతనమే దిక్కు. పదవి మూడేళ్లు. సర్కారు మారితే ఆ మూడేళ్లకూ గ్యారంటీ లేదు. చిన్న కేసుకు పర్మినెంటు, పెద్ద కేసుకు టెంపరరీ! ఇదెక్కడి లెక్క?

కలెక్టరు సెషన్స్ జడ్జితో సంప్రదించి ప్యానెల్ తయారుచేయాలని, ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలని చట్టం చెబుతోంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనూ అదే మాట. ప్యానెల్లోంచి ఏ పేరు ఏరాలో మాత్రం పాలకుల ఇష్టం. ఉత్తరప్రదేశ్‌లో జిల్లాల సర్కారు ప్లీడర్లందరినీ ఒక్క కలంపోటుతో తీసేస్తే, 1990లో శ్రీలేఖా విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అయినా బుద్ధి వచ్చిందా?

నష్టపోయేది ఎవరు? వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం చేసింది 1996 డిసెంబరు 29న. విశాఖ ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2024 ఏప్రిల్ 16న. మూడేళ్ల పదవులతో కొలిస్తే తొమ్మిది పదవీకాలాలు! ముద్దాయి తరఫున కోరుకున్న ప్లీడరు, కోరినంత ఫీజు. బాధితుడి తరఫున నిలబడే పీపీ మాత్రం ఇల్లు గడవడానికి సివిల్ దావాలూ పట్టుకోవాలి.

అట్రాసిటీ నిబంధనలు (1995) స్పెషల్ పీపీ ఫీజు మామూలు ప్యానెల్ ప్లీడర్ల కంటే ఎక్కువ ఉండాలన్నాయి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని పెట్టొచ్చని కూడా ఉంది. చుండూరు ప్రత్యేక కోర్టులో బి.చంద్రశేఖర్ స్పెషల్ పీపీగా వాదించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, అది వేరే కథ. ఈ నిబంధన ఉందని మన మండలాల్లో ఎంతమంది బాధితులకు ఎవరైనా చెప్పారు?

శిక్ష పడితేనే డబ్బులివ్వాలని కొందరంటున్నారు. అది ప్రమాదం. పీపీ పని నిజం కోర్టు ముందు పెట్టడం, ఎవరినో ఒకరిని జైలుకు పంపడం కాదు. వాయిదాకింత అంటే వాయిదాలే పెరుగుతాయి. కేడర్‌లోని అదనపు పీపీకి ఇచ్చే స్కేలే సెషన్స్ పీపీకీ ఇవ్వాలి. గుమాస్తా, టైపు ఖర్చులు విడిగా చెల్లించాలి. కారణం రాతపూర్వకంగా చెప్పకుండా గడువు మధ్యలో తీసేయకూడదు. ప్రాసిక్యూటర్లు పోలీసు శాఖ కింద ఉండరాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఈ బిల్లు పాస్ చేసే చెయ్యి పోలీసుది కారాదు.