పొదల నేల పనికిరానిదా?

వన్యప్రాణుల సంరక్షణ అనగానే మనకు నల్లమల పులి గుర్తొస్తుంది. అందులో తప్పు లేదు. పులికి 1973 నుంచీ ఒక జాతీయ పథకం ఉంది, నిధులున్నాయి, గణన ఉంది. దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యం నాగార్జునసాగర్‌-శ్రీశైలం మన దగ్గరే ఉంది. చిక్కల్లా పచ్చగా, దట్టంగా కనిపించని నేలలతోనే. కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో రేగు, కలివి, తుమ్మ పొదల మధ్య ఎర్రమట్టి కనిపించే చోట్లు, గడ్డి తప్ప మరేమీ మొలవని బీళ్లు ఎవరి కంటికీ అడవిగా ఆనవు. ప్రభుత్వం కంటికైతే అసలే ఆనవు. దేశంలోని నిరుపయోగ భూముల అట్లాసు తయారీలో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రానిదే ప్రధాన పాత్ర. 2019లో వెలువడిన అట్లాసు దేశ విస్తీర్ణంలో సుమారు 17 శాతాన్ని ఆ పద్దులో చూపింది. పొదలున్న భూములూ అందులోవే. ఉపగ్రహం తీసిన బొమ్మతో పేచీ లేదు. శిస్తు రాని నేలనల్లా దండగ కింద జమకట్టే పాత రెవెన్యూ బుద్ధితోనే పేచీ. ఆ పద్దును సవరించనంత కాలం ఎన్ని అభయారణ్యాలు ప్రకటించినా ఎన్నో వన్యప్రాణుల ఆవాసాలు మన రక్షణకు బయటే ఉంటాయి.

కలివికోడి సంగతే చూడండి. సైనిక వైద్యుడు జెర్డన్‌ వెలుగులోకి తెచ్చిన ఈ పక్షికి 1848లో బ్లైత్‌ శాస్త్రీయ నామం పెట్టాడు. 1900 తర్వాత దాని జాడ లేదు, అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్‌ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్‌ భూషణ్‌ పిట్ట బొమ్మ చూపిస్తూ ఊళ్లలో వాకబు చేశారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, రాత్రివేళ టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకొచ్చింది మాత్రం ఒక స్థానిక వేటగాడు. (శాస్త్రవేత్తల కీర్తిలో ఇలాంటివారికి దక్కే వాటా ఎప్పుడూ తక్కువే.) ఆ పక్షి బతకలేదు గానీ, దాని పుణ్యాన లంకమల అభయారణ్యమైంది. పగలు పొదల్లో దాగి రాత్రి తిరిగే పక్షిని లెక్కించడం తేలిక కాదు. పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి పాదముద్రలు వెతికారు. రికార్డు చేసిన కూత వినిపించి బదులు కోసం చెవులు రిక్కించారు. పొదలు మరీ ఒత్తుగా ఉన్నా, మరీ పలచబడినా ఈ పక్షి నిలవదని వాళ్ల అధ్యయనాల్లో తేలింది. అట్లాసు లోపమని రాసుకున్న నేలే దానికి కావలసిన ఇల్లు.

ఒక పిట్ట కోసం రాయలసీమకు నీళ్లు ఆపాలా అన్న ప్రశ్న 2005లోనే ఎదురైంది. తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి ఉండే నేలలోకి వచ్చినప్పుడు వివాదం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ దారి మార్చారు, పక్షి కోసం అదనంగా భూమి సేకరించారు. కాలువ పని ఆగిపోలేదు. పార దించకముందే సర్వే చేసి ఉంటే ఆ వివాదం, ఆ ఖర్చు రెండూ తప్పేవి.

అంతకన్నా గట్టి అభ్యంతరం సౌర విద్యుత్తుది. బొగ్గు మానాలంటే ఎండ కాసే విశాలమైన నేల కావాలంటారు. న్యాయమైన మాటే, భూమి వేడెక్కుతూ పోతే పక్షులకూ దిక్కుండదు. కానీ సౌర విద్యుత్‌ ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి నుంచి మినహాయింపు ఉంది. పొగ రాదు గనుక నేలకూ హాని లేదని అనుకోవడం సరికాదు. కర్నూలు వెయ్యి మెగావాట్ల పార్కు దాదాపు 6 వేల ఎకరాలు ఆక్రమించింది. అంతంత నేలలో ఏ జీవి ఉందో చూడనక్కర్లేదనే నియమాన్ని ఎలా సమర్థించగలం? రాజస్థాన్‌, గుజరాత్‌లలో బట్టమేక పిట్టలు విద్యుత్‌ తీగలకు తగిలి చనిపోతుంటే సుప్రీంకోర్టు 2021లో తీగలను భూమిలోంచి వేయమంది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. ముందు కట్టి, తర్వాత కోర్టుల్లో సర్దుకోవడం ఇలాగే ఉంటుంది. బట్టమేక కోసమే 1988లో ఏర్పాటైన మన రోళ్లపాడులో ఇప్పుడు ఆ పక్షి కనిపించడమే గగనం. అభయారణ్యం వైశాల్యం 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. చుట్టూ మెట్ట పంటల తీరు మారిపోయాక ఆ ముక్క ఒక్కటే దాన్ని నిలుపుకోలేకపోయింది. సౌర విద్యుత్తుకు ఈ నేలలు తప్ప ప్రత్యామ్నాయం లేదనడానికీ వీల్లేదు: రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీదే 100 మెగావాట్ల సౌర ఫలకాలు తేలుతున్నాయి.

మరి చెట్లు నాటితే మంచిదేగా అనేవారూ ఉన్నారు. గడ్డి నేలలో జామాయిల్‌ తోట వేస్తే పచ్చదనం పెరిగినట్టు కాగితం మీద కనిపిస్తుంది గానీ, ఎదురుగా దూరం దాకా చూస్తూ పరుగెత్తి ప్రాణం కాపాడుకునే కృష్ణజింకకు అది శత్రువు. ఆంధ్రప్రదేశ్‌ రాష్ట్ర జంతువు అదే! అది చేలమీద పడుతోందని ఆలూరు వైపు రైతులు గోడు వెళ్లబోసుకుంటున్నారు. ఆ నష్టం నిజం, సకాలంలో పరిహారం అందాలి. అయితే మేతబీడు తగ్గేకొద్దీ ఆ మందలు చేలలోకి రాక ఎక్కడికి పోతాయి? గొర్రెల కాపరులను ఈ నేలల నుంచి తరిమేయాలన్నది కూడా నా వాదన కాదు. మితంగా సాగే మేత పొదలు ముసురుకుపోకుండా చూస్తుంది.

పదిహేనేళ్లకు పైగా ధ్రువపడిన జాడే లేని కలివికోడి కూత 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ రికార్డయింది. కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాలూ వెంటనే చేయాల్సిన పనులున్నాయి. పొద, గడ్డి నేలలను నిరుపయోగ భూముల పద్దు నుంచి తొలగించమని కేంద్రాన్ని కోరాలి. సౌర పార్కుకైనా, కాలువకైనా, మొక్కల పెంపకానికైనా ఆ నేలను కేటాయించే ముందు అన్ని కాలాల్లోనూ, రాత్రివేళ కూడా జీవుల సర్వే జరిపించాలి. ఆ నివేదిక ఫైలులో చేరాకే కలెక్టరు సంతకం పెట్టాలి.