తొక్కుడుబిళ్ల పరీక్ష

నాంపల్లిలో మా సందు చివర పిల్లలు సుద్దముక్కతో గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడుతుంటారు. వాళ్లలో ఒకమ్మాయి కొన్నాళ్లుగా అరుగుమీద కూర్చుని చూస్తూ ఉంది. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఖోఖోలో చటుక్కున పక్కకి తిరగబోతే మోకాలు మెలిపడి లోపలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఏడో నెల.

"మామయ్యా, నేను గెంతవచ్చా?" అని ఒకరోజు నన్నడిగింది. నేను నోరు తెరిచేలోగా వాళ్ల నాయనమ్మ అందుకుంది: "గెంతులా! చేసిన కుట్లు మళ్లీ ఊడిపోతాయి. ఇంక ఈ జన్మకి ఆటలొద్దు." ఆట నేర్పే మాస్టారేమో "ఆరు నెలలయిందిగా, పోటీలకి వచ్చెయ్" అంటున్నారట.

ఇద్దరూ ఆ పిల్ల బాగు కోరేవాళ్లే. కానీ ఇద్దరి మాటా తప్పేనని నా అభిప్రాయం.

ముందు మాస్టారి సంగతి చూద్దాం. తొడ ఎముకనీ, దాని కింది ఎముకనీ మోకాలి నడుమ ఏటవాలుగా పట్టి ఉంచే చిన్న పట్టీయే ఈ లిగమెంట్. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు. కింది ఎముక ముందుకి జారకుండా, మెలి తిరగకుండా ఆపడం దాని పని. అది తెగితే సాధారణంగా దానంతటది అతుక్కోదు. అందుకని డాక్టరు తొడ వెనకనుంచో, మోకాలి చిప్ప కిందనుంచో ఒక స్నాయువు ముక్క తీసి అక్కడ అమరుస్తారు. తీసి పెట్టిన ఆ ముక్కకి మొదట్లో రక్తనాళాలు ఉండవు. అవి కొత్తగా పెరగాలి. దాని లోపలి పోగులు విడిపోయి మళ్లీ కొత్తగా అల్లుకోవాలి. ఈ మార్పు జరుగుతున్న తొలి నెలల్లో అది పెట్టిన రోజుకన్నా బలహీనంగా ఉంటుంది! పైన చర్మం మానింది, వాపు పోయింది, నడక బాగుంది. లోపల మాత్రం ఇల్లు ఇంకా కడుతూనే ఉన్నారన్నమాట. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తొమ్మిది నెలలవరకూ ఆటని వాయిదా వేసిన ఒక్కొక్క నెలకీ మళ్లీ గాయపడడం దాదాపు సగం చొప్పున తగ్గింది.

మరి నాయనమ్మ మాట? ఇక్కడ కొంచెం లెక్క కావాలి. నోటు పుస్తకం తీయండి.

కుర్చీ ఎత్తు, అంటే 45 సెంటీమీటర్ల నుంచి మీరు కిందికి దూకారనుకుందాం. మోకాళ్లు బిగబట్టి దిగితే, నేల తాకాక శరీరం 5 సెంటీమీటర్లలోనే ఆగిపోతుంది. 45ని 5తో భాగిస్తే 9. మన సొంత బరువు ఒకటి కలిపితే 10. అంటే నేల మిమ్మల్ని సగటున మీ బరువుకి పది రెట్లు బలంతో తిరిగి నెడుతుంది. అదే తుంటి, మోకాలు, మడమ వంచుతూ 30 సెంటీమీటర్లలో ఆగితే? 45ని 30తో భాగిస్తే ఒకటిన్నర, ఒకటి కలిపితే రెండున్నర రెట్లే. దూకింది అదే కుర్చీమీంచి! పిల్లి గోడమీంచి దూకడం ఒకసారి గమనించండి.

ఇంకో చిక్కుంది. వీడియోలు పరిశీలించినవాళ్లు చెప్పేదేమంటే, పాదం నేలని తాకిన తర్వాత సెకనులో ఇరవయ్యో వంతులోపే ఈ లిగమెంట్ తెగుతుంది. ఆ వ్యవధిలో ఆలోచించి కాలు సర్దుకోవడం ఎవరితరమూ కాదు. కాలు గాలిలో ఉండగానే కండరాలు సిద్ధం కావాలి. అది మందు బిళ్లతో రాదు, విశ్రాంతితో రాదు. గెంతి, దిగి నేర్చుకోవలసిందే. గెంతకుండా అట్టేపెట్టిన కాలు భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుందంతే. బస్సు ఎక్కబోయి ఒక్కసారి కాలు జారితే దానికేమీ తెలియదు.

అందుకే ఫిజియోథెరపిస్టులు ఈ శిక్షణని మెట్లుమెట్లుగా ఇస్తారు. వాపు లేకుండా కాలు పూర్తిగా చాపగలిగి, తొడ కండరానికి బలం వచ్చాకే మొదలు. ముందు నేర్పేది ఎగరడం కాదు, దిగడం. చిన్న పీటమీంచి రెండు కాళ్లతో, మోకాళ్లు లోపలికి ఒరగకుండా. తర్వాత రెండు కాళ్ల గెంతు, ఆపైన ఒంటికాలు, ఆపైన పక్కకి, తిరుగుతూ. చివరికొక పరీక్ష: ఒంటికాలిమీద ఎంత దూరం గెంతగలరు? ఆపరేషన్ అయిన కాలు రెండోదానితో పోలిస్తే నూటికి కనీసం 90 వంతులు అందుకోవాలని సాధారణంగా అడుగుతారు. మన తొక్కుడుబిళ్లే కదూ! కాకపోతే ఇక్కడొక మోసం ఉంది. అరుగుమీద కూర్చుని కూర్చుని బాగున్న కాలు కూడా నీరసించి ఉంటుంది. కాబట్టి దూరం కొలిస్తే చాలదు, ఎలా దిగుతున్నారో కూడా చూడాలి.

మా సందునుంచి కాసేపు నడిస్తే లాల్ బహదూర్ స్టేడియం. పాతవాళ్లకి ఫతే మైదాన్. అక్కడ ఎస్.ఎం. ఆరిఫ్ గారి దగ్గర బాడ్మింటన్ నేర్చుకున్న పుల్లెల గోపీచంద్‌కి 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఈ లిగమెంటే తెగింది. ఎగిరి కొట్టి ఒంటికాలిమీద దిగడమే సగం ఆట అయిన క్రీడ అది. ఆయన తిరిగి వచ్చి 2001లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనాకి చెందిన చెన్ హాంగ్‌ని ఓడించారు. అయితే ఒక్కరు గెలిచారని అందరూ గెలుస్తారనుకోవడం సైన్సు కాదు. 2014లో అనేక అధ్యయనాలు కలిపి చూస్తే, ఆపరేషన్ తర్వాత పూర్వపు స్థాయిలో ఆడగలిగినవారు వందకి 65 మంది, పోటీలకి తిరిగి వెళ్లినవారు 55 మంది. మిగిలినవారిలో చాలామందిని ఆపింది నొప్పి కాదు, భయం.

నా మనసులో ఉన్న అసలు మాట ఇంకొకటి. దిగడం నేర్పడానికి మోకాలు తెగేదాకా ఎందుకు ఆగాలి? ఒకే ఆట ఆడే అబ్బాయిలకన్నా అమ్మాయిలకి ఈ గాయం రెండు రెట్లకు పైగా ఎక్కువ. సరైన గెంతు శిక్షణతో ఇది దాదాపు సగానికి తగ్గుతుందని 2018లో తేలింది. దానికి కావలసింది డ్రిల్లు పీరియడ్‌లో పదిహేను నిమిషాలు, కొంచెం చదునైన నేల. మా పేటలో కొన్ని బళ్లకి ఆ నేల కూడా లేదనుకోండి. వరండా చాలు.

ఆ అమ్మాయి మొన్న పరీక్షకి వెళ్లింది. 76 వంతులు వచ్చాయట. ఇంకా ఆటలోకి దిగలేదు. సాయంత్రం వాకిట్లో చిన్న పీటమీంచి కిందికి గెంతుతోంది. పక్కన నిలబడి లెక్కపెడుతున్నది నాయనమ్మే. ఏడు తర్వాత తొమ్మిది అంటోంది.