నిమ్మకాయ పోయి నానో పూత వచ్చె

మా మేనల్లుడు సెకండ్‌హ్యాండ్‌లో ఒక పోర్షే బాక్స్‌స్టర్ కొన్నాడు. ఇంటికి తెచ్చిన పూటే మా అక్కయ్య బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించింది. నెల తిరగకముందే ఆ దండ ఊగి ఊగి బంపరు అంచున రంగు గీసుకుపోయింది. దిష్టి తగిలిందో లేదో గానీ దిష్టితాడు మాత్రం తగిలింది. మామా అల్లుళ్లం కలిసి నవ్వుకున్నాం.

ఆ తరవాత వాడు చేసిన పనికి మాత్రం నాకు నవ్వు రాలేదు. అరవై వేలు పోసి 'నైన్ హెచ్ నానో సిరామిక్' పూత వేయించాడు. "మామయ్యా, వజ్రం గట్టిదనం పది, దీనిది తొమ్మిది!" అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాడు!

నేను బి.కాం. వాణ్ణి, జీవితమంతా రక్షణ శాఖ లెక్కల్లో వోచర్లు తిప్పాను. యూనిట్ చూడకుండా అంకె ఒప్పుకోవడం నాకు చేతకాదు. వజ్రం పది అనేది ఖనిజాల మోస్ స్కేలు. 9హెచ్ అనేది పెన్సిలు స్కేలు. డ్రాయింగ్ పెన్సిళ్లలో గట్టి దానితో గీస్తే గీత పడలేదని దాని అర్థం. రెండిటికీ సంబంధం లేదు. పైగా ఆ పూత మందం ఒకటి రెండు మైక్రాన్లు, కింద కంపెనీ వేసిన రంగేమో నూరు మైక్రాన్ల పైమాటే. నీళ్లు జారిపోతాయి, కడగడం తేలిక, అంతవరకు నిజం. కానీ వంద కిలోమీటర్ల వేగంలో వచ్చే కంకరరాయి పెన్సిలు కాదుగా!

రెండు నెలల్లో వెనక చక్రాల ఆర్చీల ముందు అంచున రంగు పెచ్చులూడింది. ముందు టైరు విసిరే రాళ్లు పడేది సరిగ్గా అక్కడే. అంచుల దగ్గర తడి రంగు వెనక్కి లాక్కుంటుంది కాబట్టి పొర ఎప్పుడూ పలచనే. పోర్షే వాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. పాత 911 టర్బోల వెడల్పాటి వెనక ఫెండర్లకు నల్లటి స్టోన్‌గార్డులు వాళ్లే అంటించి అమ్మారు. షాపువాణ్ణి అడిగితే, "రాతిదెబ్బలకు వారంటీ లేదు సార్" అన్నాడు. కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉంది కూడా. మావాడు చదవలేదు.

దెబ్బ తినేది పాలీయురేథేన్ ఫిల్ము. మందం 150, 200 మైక్రాన్లు, సాగి దెబ్బను మింగుతుంది. ఇసుక కోతకు హెలికాప్టర్ రెక్కల అంచులకు అంటించే టేపు దీని బంధువే. (ఆ బిల్లులు నా బల్ల మీదికి వచ్చాయేమో, గుర్తులేదు.) నా పోరు పడలేక వాడు ఎడమ ఆర్చికి, దాని కింది సిల్లుకు మాత్రమే వేయించాడు, కుడివైపు వదిలేశాడు. ఏడాది తరవాత లెక్కపెట్టాం. కుడివైపు కొత్త పెచ్చులు ఏడు, ఎడమవైపు సున్నా. ఒక్క కారు, ఒక్క ఏడాది, దీన్ని రుజువు అనను. అరవై వేల పూతకు ఈపాటి పరీక్ష కూడా ఎవరూ చేయలేదు.

నా ఫిర్యాదు మన సంఘం మిత్రుల మీద కూడా. పది రూపాయల నిమ్మకాయ మీద కరపత్రాలు వేస్తాం. సైన్సు మాటలు తొడుక్కున్న తాయెత్తు ముందు నోరు మెదపం, మనలో కొందరైతే కొనుక్కున్నారు కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారే 10 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. పెన్సిలును వజ్రం పక్కన నిలబెట్టే ప్రకటనల మీద ఫిర్యాదు ముసాయిదా నేను రాస్తాను, సంతకాలు మీరు పెట్టండి.

కుడివైపు పెచ్చులకు టచప్ రంగు వేసి ఆరబెట్టాం. ఫిల్ము వచ్చే వారం. అక్కయ్య డాష్‌బోర్డు సొరుగులో ఇంకో నిమ్మకాయ పెట్టిందట. రంగుకు తగలదు కాబట్టి ఊరుకున్నాను.